జూన్ 2 లోపు తేల్చవలసిన లెక్క

2014 మార్చి 16

చిరంజీవి అమ్మాయికి మామయ్య ఆశీస్సులు.

రాష్ట్ర విభజన ఏర్పాట్ల ఖర్చుల ఫైలు నీ చేతికి వచ్చిందని మీ అమ్మ నిన్న ఫోనులో చెప్పింది. మూడు తరాలుగా మనవాళ్లు ప్రభుత్వ లెక్కలు రాస్తున్నారు కానీ ఇంత పెద్ద లెక్క ఎవరికీ దక్కలేదు. గర్వంతో మనసు నిండిపోయింది. రాత్రి మాత్రం కంటిమీద కునుకు లేదు.

1953లో ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు మీ తాతగారు మద్రాసు నుంచి కర్నూలు వచ్చారు. కచేరీలు డేరాలలో నడిచేవి. వాన వస్తే ముందు లెడ్జర్ల మీద పట్టా కప్పి, ఆ తరువాతే తల దాచుకునేవారట. ఆయన మనవరాలివి నువ్వు.

నీకు తెలిసినవాటి గురించి ఎక్కువ రాయను. ఆంధ్రప్రదేశ్‌కు 58.32, తెలంగాణకు 41.68 అని జనాభా నిష్పత్తి చట్టంలోనే ఉంది, లెక్క సులువవుతుందని గుండ్రం చేయకు. తెలంగాణకు మొదటి ఆరు నెలల వరకు ఖర్చును గవర్నరు ముందుగానే అనుమతించవచ్చు కాబట్టి ఆ పద్దుల జాబితా ఇప్పుడే మొదలుపెట్టు. బీరువాలు, కంప్యూటర్లు, గదుల మరమ్మతులు ఉన్న పద్దుల్లోనే సర్దు.

ఆగంతుక నిధి దగ్గర మాత్రం జాగ్రత్త తల్లీ. రాజ్యాంగం 267వ అధికరణ కింద గవర్నరు చేతిలో ఉండే చేబదులు అది. పద్దే లేని, ఆగడానికి వీల్లేని ఖర్చుకే దాన్ని ముట్టుకోవాలి. తీసుకున్నదంతా అనుబంధ పద్దుతో తిరిగి నింపాలి. మామూలు రోజుల్లో ఆ పద్దును ఆమోదించడానికి శాసనసభ ఉంది. ఇప్పుడు రాష్ట్రపతి పాలన, ఆ పద్దు పార్లమెంటు దాకా వెళ్లవలసి రావచ్చు. అడ్వాన్సు అడిగే నోట్‌లోనే అది ఎప్పుడు, ఎవరి ఆమోదంతో తీరుతుందో రాయి. రాయలేకపోతే అడగకు. పైవాళ్లు తొందరపెడుతున్నారని నువ్వు తొందరపడితే ఊరుకోను.

ఎందుకింత గట్టిగా చెబుతున్నానో నీకెప్పుడూ చెప్పలేదు. 1977 నవంబరు 19న దివిసీమ మీదికి ఉప్పెన వచ్చినప్పుడు నేను తీరంలో ఒక తాలూకా కచేరీలో గుమస్తాను. ఏసీ బిల్లు మీద, అంటే వివరాలు తరువాత ఇస్తామని ముందే మొత్తం తీసుకునే బిల్లు మీద, ఖజానా నుంచి డబ్బు తెచ్చి పడవలకూ బండ్లకూ అక్కడికక్కడే ఇచ్చాం. శవాలు ఇంకా నీళ్లలో ఉన్నాయి, రసీదుల సంగతి ఎవరు పట్టించుకుంటారు? అయినా ఒక్కొక్కరి వేలిముద్ర తీసుకున్నాను. కాగితాలు తడిసి సిరా అలుక్కుపోయింది. తరువాత శుభ్రంగా తిరగరాద్దామని అన్నిటినీ ఒక గోనెసంచిలో వేసి బీరువా మీద పెట్టాను.

ఆ తరువాత అనేది రాలేదు. ఆ ఖర్చు వివరాలు, రసీదులతో పెట్టవలసిన డీసీ బిల్లు గడువు దాటింది. నాకు బదిలీ అయింది. బాధ్యతలు అప్పగించిన జాబితాలో ఆ సంచి పేరు రాయలేదు. ఆడిట్ అభ్యంతరం వచ్చేసరికి మా తహసీల్దారుగారు పదవీ విరమణ చేశారు. బిల్లు మీద సంతకం ఆయనది కనుక పింఛను ఆగింది. వెళ్లి చూస్తే సంచిలో సగం చెదలు తినేశాయి.

సెలవులు పెట్టి ఊళ్లు తిరిగాను. ఒక పడవ సరంగు, "అప్పుడు వేశాను కదా బాబూ, మళ్లీ ఎందుకు?" అంటూనే వేలు చాపాడు. కొందరు ఊళ్లు విడిచి వెళ్లిపోయారు. తహసీల్దారుగారు నెలకోసారి గొడుగు వేసుకుని మా ఇంటికి వచ్చేవారు. అరుగు మీద కూర్చుని, "దొరికాయా?" అని అడిగేవారు. అంతే. ఒక్కనాడు కూడా తిట్టలేదు. తిట్టి ఉంటే నాకు కొంత తేలికగా ఉండేది. అభ్యంతరం తేలడానికి మూడేళ్లు పట్టింది. మీ అత్తయ్య మంచినీళ్లు తెచ్చి ఇస్తే, ఆ గ్లాసు పట్టుకున్న ఆయన చెయ్యి వణకడం ఇప్పటికీ నా కళ్లముందే ఉంది.

అప్పుడు కనీసం రాష్ట్రం ఒకటే, వెతకడానికి ఒకే కచేరీ. ఇప్పుడు డబ్బు తీసుకున్న ఉద్యోగి ఒక రాష్ట్రానికి, వోచరు మరో రాష్ట్రానికి వెళ్లిపోతే ఎవరిని అడుగుతావు? వాళ్లు మాది కాదంటారు, వీళ్లు మాది కాదంటారు. మధ్యలో ఎవరో ఒక ముసలాయన గొడుగు వేసుకుని తిరుగుతాడు.

అందుకని తేలని ఏసీ బిల్లులన్నిటికీ ఇవాళే ఒక జాబితా వెయ్యి. బిల్లు నంబరు, తేదీ, మొత్తం, తీసుకున్నవారి పేరు, వోచర్లు ఏ బీరువాలో ఏ అరలో ఉన్నాయో కూడా రాయి. కంప్యూటర్‌లో ఉన్నా సరే, చేత్తో ఒక ప్రతి రాసుకో. ప్రతి సోమవారం దాన్ని ముందు పెట్టుకుని తీరినవి కొట్టెయ్యి.

నువ్వు ఏ రాష్ట్రానికి వెళ్లేదీ ఇంకా తేలలేదని మీ అమ్మ దిగులు పడుతోంది. నేను సర్దిచెప్పాను కానీ నాకూ దిగులే. రాత్రి ఎంత ఆలస్యమైనా భోజనం మానకు. ఆ జాబితాలో చివరి వరుస కొట్టేసిన రోజు నాకు ఫోను చెయ్యి, అర్ధరాత్రి అయినా సరే.

నీ మామయ్య