మనాలి ట్రిప్‌కి పర్సనల్ లోనా? ముందు ఎమర్జెన్సీ ఫండ్ సంగతి చెప్పండి

ప్రశ్న: మాది హనుమకొండ. ప్రైవేట్ కంపెనీలో అకౌంట్స్ చూస్తాను, చేతికి 42,000 వస్తుంది. ఇంట్లో నేను, మా ఆవిడ, అమ్మ, ఇద్దరు పిల్లలు. సంక్రాంతి సెలవుల్లో మనాలి తీసుకుపొమ్మని పిల్లలు ఒకటే పోరు. ఫోన్‌లో 1,20,000 ప్రీ-అప్రూవ్డ్ లోన్ చూపిస్తోంది, 16 శాతం వడ్డీ, 24 నెలలు. ఈఎంఐ కట్టగలను. బ్యాంకులో 11,000 ఉంది, లక్ష రూపాయల చిట్టీ నడుస్తోంది, అవసరమైతే ఎత్తుకుంటా. లోన్ తీసుకోవచ్చా? మన దగ్గర చలికాలంలో చూడ్డానికి ఏముంది చెప్పండి, ఉంటే ఇంత దూరం ఎందుకు పోతాం? లోన్ వద్దంటే మా ఆవిడ బంగారం తాకట్టు పెట్టమంటారా?

జవాబు: వద్దు. ఒక్క మాటలో అయితే ఇదే, కానీ మీలాంటి ప్రశ్నలు ప్రతి డిసెంబర్‌లో వస్తూనే ఉంటాయి, అన్నిట్లోనూ తప్పు ఒకటే, అందుకే కాస్త వివరంగా రాస్తున్నా.

ఫోన్‌లో ప్రీ-అప్రూవ్డ్ అని కనబడగానే మనవాళ్లు దాన్ని తమ పైసల్లో కలిపేసుకుంటారు. అది మీ డబ్బు కాదు, మీకు అప్పు అంటగట్టడానికి బ్యాంకు వేసిన ప్రకటన. 1,20,000కి 16 శాతం చొప్పున 24 నెలలంటే ఈఎంఐ దాదాపు 5,876, మొత్తం కట్టేది 1,41,000 పైనే. ప్రాసెసింగ్ ఫీజు 2 శాతం అన్నారనుకోండి, జీఎస్టీతో కలిపి ఇంకో 2,832 ముందే కోసుకుని మిగతాదే మీ అకౌంట్లో వేస్తారు. వారం రోజుల మంచు కోసం రెండేళ్ల ఈఎంఐ, అంటే మధ్యలో ఇంకో రెండు సంక్రాంతులు వస్తాయి, అప్పుడు కూడా పిల్లలు ఎక్కడికో పోదాం అంటారు, అప్పుడేం చేస్తారు, ఉన్న లోన్ మీదే ఇంకో అప్పు, టాపప్ లోనా?

"కట్టగలను" అన్నారు కదా, సరే, జీతం వచ్చినన్ని రోజులు కట్టగలరు. రెండు నెలలు జీతం రాకపోతే? మీరు రాసిన వివరాల్లో నన్ను భయపెట్టింది లోన్ కూడా కాదండీ, ఆ 11,000. కిరాయి, ఫీజులు, కిరాణా, అమ్మగారి మందులు, బండి పెట్రోలు అన్నీ కలిపి మీ ఇంటికి తప్పని ఖర్చు నెలకి 32,000 దాకా ఉంటుందని లెక్కేస్తున్నా. అంటే మీ దగ్గర ఉన్నది పది రోజుల ఖర్చు. ఐదుగురున్న ఇంట్లో, ఒక్క జీతం మీద, పది రోజులు!

చిట్టీ ఉందిగా అంటారు, వరంగల్‌లో సగం మంది ఇదే అంటారు. చిట్టీ మంచిదో కాదో నేను చెప్పట్లేదు, కానీ అది ఎమర్జెన్సీ ఫండ్ కాదు, అంటే ఆపదొస్తే ఆ క్షణమే చేతికొచ్చే డబ్బు కాదు. అమ్మగారికి రాత్రి పదకొండింటికి ఛాతీలో నొప్పి వచ్చి సర్కారు దవాఖానా ఎంజీఎం దాకానో ప్రైవేట్ హాస్పిటల్ దాకానో పోయారనుకోండి, అడ్వాన్స్ కట్టమంటే చిట్టీ పాట ఎప్పుడుందో చూసుకుని రండి అని ఎవరూ అనరు. పాట రోజు దాకా ఆగాలి, అదే నెల ఇంకెవరికో అవసరముంటే వాళ్లతో పోటీ పడి పాడాలి, ఎంత తొందరైతే అంత ఎక్కువ వదులుకోవాలి, ఆ పైన జమానతు సంతకాలకి ఇద్దర్ని బతిమాలాలి. అవసరం లేనప్పుడు ఎత్తుకునేవాడికే చిట్టీ లాభం.

కాబట్టి ఆరు నెలల ఖర్చు, మీ లెక్కన 1,92,000, వేరే అకౌంట్లో ఉండాలి. వేరే అంటే నిజంగా వేరే, యూపీఐకి లింక్ లేనిది, ఏటీఎం కార్డు బీరువాలో ఉండేది. ఒక్కసారే రెండు లక్షలు ఎక్కడివి అని కంగారు పడకండి, మొదటి టార్గెట్ ఒక నెల ఖర్చు 32,000, అది నిండితే ఊపిరి ఆడుతుంది. నెలనెలా ఎంత వేయాలంటే, మీరే చెప్పారు కదా, 5,876 కట్టగలరని. బ్యాంకుకి కట్టగలిగినోళ్లు మీకు మీరు కట్టుకోలేరా? 24 నెలలు ఆర్‌డీలో, అంటే నెలనెలా కట్టే రికరింగ్ డిపాజిట్‌లో, అదే వేస్తే వడ్డీ కాక 1,41,024 అవుతుంది. ఆరోగ్యశ్రీ కార్డు ఉంటే 10 లక్షల దాకా కవర్ ఉంది, మంచిదే, కానీ పోను రాను ఖర్చు, లిస్టులో లేని టెస్టులు, లీవు పెట్టి పోగొట్టుకున్న జీతం అవి మన జేబులోంచే. అమ్మగారికి కంపెనీ పాలసీలో పేరుందో లేదో రేపే హెచ్ఆర్‌ని అడగండి. మీకేమైనా అయితే ఇంటివాళ్లకి డబ్బొచ్చే టర్మ్ పాలసీ లేకపోతే తీసుకోండి. మ్యూచువల్ ఫండ్స్ గురించి ఇప్పుడు మాట్లాడుకోవాల్సిన పని లేదు.

ఇక మన దగ్గర ఏముంది అన్నారు, ఈ మాటకి నిజంగా కోపమొచ్చింది! రామప్ప ఎప్పుడు పోయారు చివరగా? 1213లో కట్టిన గుడి, 2021లో యునెస్కో గుర్తింపు వచ్చింది, ఎక్కడెక్కడి నుంచో జనం ఫ్లైట్లెక్కి వస్తున్నారు, మనమేమో ములుగు రోడ్డు పక్కనే ఉండి మనాలి అంటున్నాం. పిల్లల్ని తీసుకుపోయి చూపు కింద కింద కాకుండా పైకప్పు అంచున బ్రాకెట్ల మీదున్న నల్లరాయి బొమ్మల మీద పెట్టమనండి, వాటిలో ఎత్తు మడమ చెప్పులేసుకున్న అమ్మాయి ఉంటుంది, దాన్ని ఎవరు ముందు పట్టుకుంటే వాళ్లకి ఐస్‌క్రీమ్ అనండి, గంట సేపు మీ జోలికి రారు. గుడికి టికెట్ లేదు. అన్నం, పులిహోర డబ్బాల్లో కట్టుకుపోతే చెరువు దగ్గర కూర్చుని తినొచ్చు, ఎండ కూడా ఈ నెలల్లో హాయిగా ఉంటుంది, మేలో పోయి ఆ రాయి మీద కాళ్లు కాల్చుకునే కంటే. అదే దారిలో ఇంకాస్త ముందుకు పోతే లక్నవరం, వేలాడే వంతెన, బోటింగ్‌కి మాత్రం పైసలవుతాయి కాబట్టి ఒక్కసారే ఎక్కండి. నర్సంపేట వైపు పాకాల చెరువు, గణపతిదేవుడి కాలంది, పొద్దున్నే పోతే పక్షులు.

సంక్రాంతి సెలవులంటే అసలు సందడి ఊళ్లలోనే. ఐనవోలు మల్లన్న జాతర భోగితో మొదలై ఉగాది దాకా నడుస్తుంది, ఒగ్గు కథ, పట్నాలు, బోనాలు, అది చూడని పిల్లలు వరంగల్‌లో పుట్టి ఏం లాభం? భీమదేవరపల్లి మండలంలో కొత్తకొండ వీరభద్రుడి జాతర కూడా సంక్రాంతికే, గుమ్మడికాయలు, కోరమీసాలు మొక్కుగా ఇస్తారు, మీ చిన్నోడికి ఆ వెండి మీసాలు చూపించండి, మంచు సంగతి మర్చిపోతాడు. మేడారం రెండేళ్లకోసారి, జాతర ఉన్న ఏడాదైతే ముసలివాళ్లని ఆ రద్దీలోకి తీసుకుపోయే ముందు ఆలోచించండి. నిలువెత్తు బంగారం మొక్కుకునే వాళ్లకి ఒక మాట, బెల్లమే అయినా ఇంట్లో అందరి బరువూ తూగిస్తే బిల్లు బాగానే వస్తుంది.

ఊళ్లోనే సాయంత్రాలు గడపాలంటే వేయి స్తంభాల గుడికి పొండి, ఏళ్ల తరబడి మూసి ఉన్న కల్యాణ మండపం 2024 మార్చిలో మళ్లీ తెరిచారు, చాలామంది స్థానికులు ఇంకా చూడలేదు. కోటలో కీర్తి తోరణాల దగ్గర టికెట్ చిన్నదే, 15 ఏళ్లలోపు పిల్లలకి అదీ లేదు. భద్రకాళి బండ్ మీద నడక, హంటర్ రోడ్డులో కాకతీయ జూ. పెద్ద తిరుగుడు కావాలంటే కాజీపేటలో రైలెక్కి హైదరాబాద్ నాంపల్లిలో ఏటా జరిగే ఎగ్జిబిషన్, నుమాయిష్‌కి పోయి రాత్రికి వచ్చేయొచ్చు, జనవరి 1 నుంచి ఫిబ్రవరి 15 దాకా ఉంటుంది, కానీ అక్కడ ప్రతి స్టాల్ దగ్గరా పర్సు తీస్తే నా లెక్క తప్పుతుంది.

లెక్క ఏందంటే, డిసెంబర్‌ది ఆ 5,876 మొత్తం తిరుగుడికే పెట్టుకోండి, సంతోషంగా ఖర్చు పెట్టండి, నన్ను తిట్టుకోకండి. రామప్ప, లక్నవరం ఒక రోజు, ఐనవోలు ఒక రోజు, కోట, వేయి స్తంభాలు ఒక సాయంత్రం, సకినాలకి నూనె, బియ్యప్పిండి, పిల్లలకి పతంగులు, దారం, వీటన్నిటికీ అది సరిపోతుంది, కారు కిరాయికి తీసుకోకపోతే. జనవరి ఒకటో తారీఖు నుంచి మాత్రం ఆర్‌డీ, ఒక్క నెల కూడా తప్పకుండా.

మనాలి చూడాలన్న కోరిక తప్పేం కాదు. ఎమర్జెన్సీ ఫండ్ నిండాక దానికి వేరే ఆర్‌డీ కట్టండి, సెలవుల రద్దీ లేని నెల చూసుకుని వెళ్లండి, అప్పుడు టికెట్లు, హోటళ్లు కూడా చవగ్గా దొరుకుతాయి. మీరు చివర్లో చిన్నగా అడిగారు, లోన్ వద్దంటే మా ఆవిడ బంగారం తాకట్టు పెట్టమంటారా అని. ఆ ప్రశ్న నేను చదవనట్టే అనుకోండి. క్రెడిట్ కార్డు మీద హోటల్ బుక్ చేసి ఈఎంఐ పెట్టుకోవడం కూడా అదే జాబితాలో వేసుకోండి.

ఇంకోటి, బస్సులో పోయేటప్పుడు మీ ఆవిడకి, అమ్మగారికి, అమ్మాయి ఉంటే అమ్మాయికి కూడా ఆడవాళ్లకి ఉచిత బస్సు పథకం మహాలక్ష్మి కింద పల్లె వెలుగు, ఎక్స్‌ప్రెస్‌లలో టికెట్ ఉండదు, ఆధార్ మాత్రం దగ్గర పెట్టుకోమనండి, డీలక్స్ ఎక్కితే మామూలు చార్జీ పడుతుంది.