పోలుకు ఆరడుగుల దూరంలో ఇల్లు కడుతున్నాం, కరెంటు మా నాన్న మీటరు నుంచి వాడుతున్నాం: ఇబ్బంది వస్తుందా?

ప్రశ్న: తెలంగాణలోని ఒక మునిసిపాలిటీలో నాకు 200 గజాల ప్లాటు ఉంది. కాంట్రాక్టరుకు ఇవ్వకుండా మేస్త్రీని, కూలీలను నేనే పెట్టుకుని కింద ఒకటి, పైన ఒకటిగా ఇల్లు కడుతున్నాను. స్వీయ ధ్రువీకరణతో ఆన్‌లైన్‌లో అనుమతి వచ్చింది. ప్లింత్ బీము పూర్తయింది. ప్లాటు పక్కన రోడ్డు మీద 11 కేవీ లైను ఉంది. పోలు మా హద్దుకు ఆరడుగుల దూరంలో ఉంది. పైఅంతస్తులో అటువైపు మూడడుగుల బాల్కనీ తీద్దామని మేస్త్రీ అంటున్నాడు. తీగకు నాలుగడుగుల దూరం ఉంటే చాలని లైన్‌మన్ చెప్పాడు. పనికి కరెంటు పక్కనే ఉన్న మా నాన్నగారి ఇంటి మీటరు నుంచి వాడుతున్నాం. కేసు రాస్తారని ఒకరు భయపెట్టారు. వైరింగ్ తెలిసిన కుర్రాడు చేస్తాడు, లైసెన్సు లేదు. ఆర్‌సీసీబీ (కరెంటు లీకయితే వెంటనే సరఫరా ఆపేసే స్విచ్) పెడితే ఊరికే పడిపోతుంది, వద్దంటున్నాడు. చివర్లో మీటరు ఇచ్చేటప్పుడు ఇవేమైనా అడ్డొస్తాయా?

జవాబు: అడ్డొస్తాయి. వీటిలో తొందరగా చక్కదిద్దాల్సింది లైను సంగతి, కాబట్టి దానితోనే మొదలుపెడతాను. స్లాబు పోసే లోపు దీన్ని సరిచేసుకోగలరు. పోశాక కష్టం.

లైన్‌మన్ చెప్పిన నాలుగడుగులు ఆయన కల్పించిన లెక్క కాదు. కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ 2023లో తెచ్చిన భద్రతా నిబంధనల ప్రకారం 11 కేవీ వరకు ఉన్న హైటెన్షన్ తీగకు, భవనానికి మధ్య అడ్డంగా కనీసం 1.2 మీటర్లు, నిలువుగా 3.7 మీటర్లు ఉండాలి. ఆ 1.2 మీటర్లే నాలుగడుగులు. కానీ మీ ఇల్లు విద్యుత్ నిబంధనలకు ఒక్కదానికే లోబడి లేదు. భవన నిర్మాణ నియమాలు, అంటే 7-4-2012 నాటి జీవో 168, ఇంకా ఎక్కువ దూరం అడుగుతాయి. హైటెన్షన్ లైన్ల దగ్గర కట్టే భవనానికి, లైనుకు మధ్య అడ్డంగానూ నిలువుగానూ 3 మీటర్లు, అంటే పదడుగులు వదలాలి. లోటెన్షన్ లైనుకైతే 1.5 మీటర్లు. రెండు నియమాలూ ఒకేసారి వర్తిస్తాయి, కాబట్టి ఎక్కువ దూరం అడిగే నియమం ప్రకారమే కట్టాలి. లైన్‌మన్ విద్యుత్ శాఖ లెక్క చెప్పాడు. మునిసిపాలిటీ లెక్క ఆయన పరిధిలోది కాదు.

కొలత ఎక్కడి నుంచి అన్నది కూడా చూడాలి. మీరు పోలు నుంచి కొలిచారు. చట్టం అడిగేది తీగ నుంచి, అందులోనూ మీ ఇంటి వైపున్న తీగ నుంచి, అది గాలికి మీ వైపు ఊగినప్పటి స్థానం నుంచి. పోలు మీది క్రాస్‌ఆర్మ్ (తీగలను మోసే అడ్డ కమ్మీ) మీ వైపు రెండడుగులు బయటికి వచ్చిందనుకోండి. అప్పుడు తీగకు, మీ హద్దుకు మధ్య మిగిలేది నాలుగడుగులు, అంటే దాదాపు 1.2 మీటర్లు. మీ ప్లాటు దాదాపు 167 చదరపు మీటర్లు. 100 నుంచి 200 చదరపు మీటర్ల ప్లాటులో 10 మీటర్ల ఎత్తు వరకు కట్టే ఇంటికి ముందు 1.5 మీటర్లు, మిగతా మూడు వైపులా 1 మీటరు సెట్‌బ్యాక్ (హద్దుకు, గోడకు మధ్య ఖాళీ) వదిలితే నియమం తీరుతుంది. మీరు సరిగ్గా 1 మీటరు వదిలి ఉంటే గోడ తీగకు 2.2 మీటర్ల దూరంలో లేస్తుంది. పదడుగులకు రెండున్నర అడుగులు తక్కువ. దానిమీద మూడడుగుల బాల్కనీ తీస్తే మిగిలేది 1.3 మీటర్లు. గాలి వీచినప్పుడు లైన్‌మన్ చెప్పిన నాలుగడుగులు కూడా ఉండవు. పైగా ఎత్తు తక్కువ ఉన్న ఇళ్లలో సెట్‌బ్యాక్ జాగాలోకి బాల్కనీ తీయడాన్ని నియమాలు ఒప్పుకోవు. లైను లేకపోయినా ఆ బాల్కనీ తప్పే. దాన్ని ప్లాను నుంచి తీసేయించండి.

ఈ కొలత మీరే తీయాలనుకుంటే ఇనుప టేపుతోనో, కర్రతోనో తీగ వైపు చాచకండి. కింద నిలబడి తీగకు సూటిగా నేల మీద గుర్తు పెట్టి, అక్కడి నుంచి హద్దుకు కొలవండి. లేదా విద్యుత్ సంస్థలో మీ సెక్షన్ ఏఈకి (అసిస్టెంట్ ఇంజినీరుకు) రాసి, ఆయన మనుషుల చేత కొలిపించుకోండి. రాతపూర్వకంగా అడగడమే మేలు, అది రేపు మీకు సాక్ష్యం.

అనుమతి వచ్చింది కదా, ఇదంతా చూసే ఇచ్చి ఉంటారు అనుకోకండి. భవన అనుమతుల కోసం తెలంగాణ తెచ్చిన 2020 చట్టం (టీఎస్‌బీపాస్) ప్రకారం 75 గజాలు దాటి 500 చదరపు మీటర్ల వరకు ఉన్న ప్లాటులో 10 మీటర్ల ఎత్తు దాటని ఇంటికి అనుమతి మీ మాట మీదే వెంటనే వస్తుంది. ఎవరూ వచ్చి తీగ చూడలేదు. అన్నీ నియమాల ప్రకారమే అని సంతకం పెట్టింది మీరు, మీ ఆర్కిటెక్టు. ఆ హామీ తప్పని తేలితే నోటీసు లేకుండానే కూల్చే అధికారం ఆ చట్టం ఇచ్చింది. స్వీయ ధ్రువీకరణను జనం సౌకర్యంగా మాత్రమే చూస్తున్నారు. భారమంతా యజమాని మెడకు చుట్టుకుందన్న సంగతి చాలామందికి పని ఆగాకే తెలుస్తోంది.

ఇప్పుడు చేయాల్సింది చెబుతాను. భద్రతా నిబంధనల్లో ఈ పరిస్థితికే ఒక పద్ధతి ఉంది. లైను ముందే ఉండి, దాని పక్కన కొత్తగా కట్టేవారు విద్యుత్ సంస్థకు, విద్యుత్ ఇన్‌స్పెక్టరుకు రాతపూర్వకంగా తెలపాలి. దానికి స్కేలు ప్రకారం గీసిన డ్రాయింగ్ జతచేయాలి. ఆ డ్రాయింగులో ఇల్లు ఒక్కటే కాదు, పని కోసం కట్టే పరంజా కూడా చూపించాలి. ఈ చివరి మాట చాలామంది వదిలేస్తారు. ఇల్లు తీగకు దూరంగానే ఉన్నా, పరంజా మీద నిలబడి ఇనుప చువ్వ పైకి అందించే కూలీ తీగకు తగిలే దూరంలో ఉండొచ్చు. స్లాబు చువ్వలు సాధారణంగా 12 మీటర్ల పొడవు వస్తాయి. వాటిని ఆ వైపు నుంచి ఎత్తనివ్వకండి, లైను లేని వైపు నుంచే పైకి పంపించండి. సెంట్రింగ్ పైపులకూ ఇదే వర్తిస్తుంది. మీ సైటులో ఎవరైనా చనిపోతే భారతీయ న్యాయ సంహిత 106వ సెక్షన్ కింద నిర్లక్ష్యానికి ఐదేళ్ల వరకు శిక్ష పడవచ్చు. పని చేయించేది మీరే కాబట్టి మొదట అడిగేది మిమ్మల్నే.

దరఖాస్తులో లైను జరపమనో, వేరే మార్గంలో వేయమనో అడగండి. సంస్థ వచ్చి చూసి ఎస్టిమేటు ఇస్తుంది. లైను నిబంధనల ప్రకారమే ముందునుంచి ఉంటే ఖర్చు అడిగినవారిదే. అసలు లైనే సరైన దూరం లేకుండా వేశారని తేలితే ఖర్చు ఎవరిదన్నది వాదించవచ్చు. అందుకే అది ఎప్పుడు వేశారో ముందు కనుక్కోండి. తీగల బదులు ఇన్సులేటెడ్ కేబుల్ వేస్తామంటే మంచిదే. కానీ అంతమాత్రాన మునిసిపాలిటీ అడిగే 3 మీటర్ల నియమం తీరిపోయిందని అనుకోకండి, మునిసిపాలిటీ నుంచి రాతలో తీసుకోండి. ఆ జవాబు వచ్చేదాకా అటువైపు కాలమ్స్ లేపకండి. ఇన్‌స్పెక్టరు ధ్రువీకరించేదాకా పని మొదలుపెట్టకూడదు, కొనసాగించకూడదు అన్నదే నిబంధన.

ఇక మీ నాన్నగారి మీటరు సంగతి. సొంత నాన్నగారి ఇల్లే కదా, బిల్లు కూడా కడుతున్నాం కదా అన్న వాదన నిలవదు. విద్యుత్ చట్టం 2003, 126వ సెక్షన్ ‘అనధికార వినియోగం’ అంటే ఏమిటో చెబుతూ, సరఫరాకు అనుమతి ఉన్న ఆవరణలో కాక వేరే ఆవరణలో వాడటాన్ని కూడా విడిగా పేర్కొంది. ఇచ్చిన పనికి కాక వేరే పనికి వాడటం అందులోనే మరో రకం. మీకు రెండూ వర్తిస్తాయి. పట్టుబడితే వాడిన కాలానికి, ఆ కాలం తేలకపోతే తనిఖీకి ముందు 12 నెలలకు, వర్తించే టారిఫ్‌కు రెండింతలు వేస్తారు. ముందు తాత్కాలిక మదింపు నోటీసు ఇస్తారు. దానికి అభ్యంతరం రాయండి. ఎప్పుడు పని మొదలుపెట్టారో చూపించే బిల్లులు, అనుమతి తేదీ జతచేస్తే 12 నెలలు కాకుండా అసలు కాలానికే పరిమితమవుతుంది. తుది ఉత్తర్వు 30 రోజుల్లో ఇవ్వాలి. దానిమీద 127వ సెక్షన్ కింద 30 రోజుల్లో అప్పీలు చేసుకోవచ్చు, సగం మొత్తం ముందు కట్టాలి. ఈ విషయంలో సివిల్ కోర్టుకు అధికారం లేదు, 145వ సెక్షన్ అడ్డు. వినియోగదారుల కమిషన్‌కూ వెళ్లలేరని సుప్రీంకోర్టు 2013లో తేల్చింది.

మీటరును తప్పించి పోలు మీద కొక్కెం వేస్తే అది వేరే సంగతి. 135వ సెక్షన్ కింద అది దొంగతనం, మూడేళ్ల వరకు జైలు. మీది అది కాదు, భయపడకండి. కానీ ఈ వారంలోనే తాత్కాలిక సర్వీసుకు దరఖాస్తు చేసుకోండి. ప్లాటు దస్తావేజు, అనుమతి కాపీ, గుర్తింపు కార్డు చాలు. యూనిట్ ధర ఇంటి రేటుకన్నా ఎక్కువే, అయినా రెండింతల మదింపుకన్నా నయం. సైటు బోర్డులో 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ తప్పక పెట్టించండి. వైబ్రేటరు, కటింగ్ మిషను, క్యూరింగ్ నీళ్లు, తడి చేతులు అన్నీ ఒకేచోట ఉండేది ఇక్కడే.

ఆర్‌సీసీబీ ఊరికే పడిపోతుందన్న మాటకు కారణం ఉంది. ఫేజ్‌లో వెళ్లిన కరెంటు మొత్తం న్యూట్రల్‌లో తిరిగి రావాలి. 30 మిల్లీఆంపియర్లు తేడా వస్తే అది పడాలి, దాని పనే అది. మన ఇళ్లలో అది పదే పదే పడటానికి ఎక్కువసార్లు కారణం ఇన్వర్టరు. ఇన్వర్టరు ఫేజ్‌ను ఒక సర్క్యూట్‌కు ఇచ్చి, న్యూట్రల్‌ను ఆర్‌సీసీబీకి ఇవతల మరో చోట కలుపుతారు. లేదా రెండు ఆర్‌సీసీబీల న్యూట్రల్స్ ఒకే బార్‌లో కలిపేస్తారు. లోపం వైరింగ్‌లో ఉంటే దాన్ని వెతికి సరిచేయాలి. ఆర్‌సీసీబీని తీసేస్తే ఇంట్లోవాళ్లకు రక్షణ పోతుంది. ఎంసీబీ షార్టు, ఓవర్‌లోడు అయినప్పుడు వైరును కాపాడుతుంది. గీజరులో లీకయిన కరెంటు మనిషికి తగిలితే దానికి తెలియదు.

లైసెన్సు లేని కుర్రాడి చేత పైపులు వేయించడం దగ్గరే చిక్కు మొదలవుతుంది. భద్రతా నిబంధనల ప్రకారం ఈ పని లైసెన్సున్న ఎలక్ట్రికల్ కాంట్రాక్టరు ద్వారా, పర్మిట్ ఉన్న వైర్‌మన్ చేత జరగాలి. మీటరుకు దరఖాస్తు చేసేటప్పుడు ఆ కాంట్రాక్టరు సంతకంతో పరీక్ష నివేదిక అడుగుతారు. చివర్లో ఎవరో ఒకరి సంతకం కొనుక్కోవడం ఊళ్లలో మామూలైపోయింది, అలా చేయకండి. ప్రమాదం జరిగితే ఆ కాగితం మీకు పనికిరాదు, మీకే ఎదురు తిరుగుతుంది. కుర్రాడు మంచి పనివాడైతే లైసెన్సున్న కాంట్రాక్టరు కింద చేయించండి. ఒప్పందం తెల్లకాగితం మీదైనా రాసుకోండి: ఐఎస్ 694 గుర్తున్న రాగి వైర్లు, లైట్లకు 1.5 చదరపు మిల్లీమీటర్లు, ఏసీకి గీజరుకు ఒక్కోదానికి విడిగా 4 చదరపు మిల్లీమీటర్ల వైరు, 20 ఆంపియర్ల ఎంసీబీ. ఒక లైట్ల సర్క్యూట్‌లో పది పాయింట్లకు మించకూడదు. ప్రతి ప్లగ్గుకూ ఎర్త్ వైరు ఉండాలి. ప్లాస్టరింగ్‌కు ముందు ప్రతి గోడకు టేపు పట్టి ఫోటో తీసి ఇవ్వాలి. 500 వోల్టుల మెగ్గరుతో ఇన్సులేషన్ కనీసం 1 మెగాఓమ్ చూపించాకే మిగిలిన పది శాతం డబ్బు.

ఎర్తింగ్ గుంటను కూడా ఇప్పుడే ప్లానులో చూపించండి. ఎందుకంటే, దాన్ని గోడకు కనీసం 1.5 మీటర్ల దూరంలో వేయాలన్నది ప్రమాణం. మీ పక్క సెట్‌బ్యాకులు 1 మీటరే. అందుకే అది ఇంటి ముందే, అదీ హద్దు అంచున పడుతుంది. సంపు, ఇంకుడు గుంత, గేటు అన్నీ అక్కడే పోటీపడతాయి. 40 మిల్లీమీటర్ల జీఐ పైపు, రెండున్నర మీటర్ల పొడవు, రెండు గుంటలు. సంపు తవ్వాక చోటు వెతికితే దొరకదు.

లోడు లెక్క కూడా ఇప్పుడే వేయించండి. రెండు ఏసీలు మూడున్నర కిలోవాట్లు, రెండు గీజర్లు నాలుగు, ఒక హార్స్‌పవర్ మోటారు ముప్పావు, మిగతావి రెండు. మొత్తం పది దాటుతుంది, అంటే మీకు త్రీఫేజ్ కావాలి. సింగిల్ ఫేజ్‌కని వేసిన మెయిన్ పైపులో తర్వాత ఐదు వైర్లు దూరవు.

చివరిగా మీటరు. సుప్రీంకోర్టు 2024 డిసెంబరు 17న ఇచ్చిన తీర్పులో ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ (ఇల్లు ప్లాను ప్రకారం పూర్తయింది, ఉండవచ్చు అని మునిసిపాలిటీ ఇచ్చే పత్రం) చూపిస్తేనే కరెంటు, నీళ్లు, మురుగు కనెక్షన్లు ఇవ్వాలని దేశమంతటికీ ఆదేశించింది. బ్యాంకులూ ఆ కాగితం చూశాకే రుణం ఇవ్వాలంది. కట్టింది ప్లానుకు తేడాగా ఉంటే ఆ సర్టిఫికెట్ రాదు. లైను దూరం, బాల్కనీ సంగతి మళ్లీ అక్కడే ఎదురవుతాయి. సర్టిఫికెట్, పరీక్ష నివేదిక రెండూ ఉండి, కొత్తగా లైను పొడిగించాల్సిన అవసరం లేకపోతే, 2024లో సవరించిన వినియోగదారుల హక్కుల నియమాల ప్రకారం మునిసిపాలిటీల్లో ఏడు రోజుల్లో కనెక్షన్ ఇవ్వాలి. పల్లెల్లో పదిహేను, మహానగరాల్లో మూడు. దరఖాస్తు తేదీ ఉన్న రసీదు దాచుకోండి. గడువు దాటితే ముందు విద్యుత్ సంస్థలోని వినియోగదారుల ఫిర్యాదుల పరిష్కార వేదికకు రాయండి. అక్కడ తేలకపోతే అంబుడ్స్‌మన్ దగ్గరకు వెళ్లవచ్చు.

ఆంధ్రప్రదేశ్‌లో ఇల్లు కట్టేవారు ఇవే ప్రశ్నలు వేస్తే, విద్యుత్ చట్టం గురించి చెప్పినదంతా అక్కడా వర్తిస్తుంది. సెట్‌బ్యాకులు మాత్రం 2017 భవన నియమాల్లో చూసుకోవాలి.