కళాకారుడికి సాయం చేసేముందు కోసిమో సంగతి చదువు

అబ్బాయ్,

వ్యాపారంలో నాలుగు డబ్బులు మిగిలాయి, కళాకారులకి ఏదైనా చెయ్యాలనుంది మామయ్యా అని నువ్వు రాసినప్పటి నుంచి సంతోషంగానూ ఉంది, కాస్త టెన్షన్‌గానూ ఉంది. ఎందుకంటే ఇదే ఉత్సాహంతో నేనొక చిత్రకారుడికి పదిమందిలో సన్మానం చేసి పెద్ద మొత్తం చేతిలో పెట్టాను. ఏడాది తిరిగేసరికి ఆ డబ్బూ లేదు, ఆయన కుంచె పట్టిందీ లేదు, పైగా మొహమాటంతో నన్ను తప్పించుకు తిరిగాడు. తప్పు ఆయనది కాదు, నాదే.

ఎక్కడ పొరపాటు పడ్డానో కోసిమో మెడిచి గురించి చదివాక తెలిసింది. పునరుజ్జీవనం, అంటే యూరప్‌లో కళలూ చదువులూ కొత్తగా వికసించిన కాలం, ఊపందుకుంటున్న ఇటలీ నగరం ఫ్లోరెన్స్‌లో ఆయన బ్యాంకు యజమాని. 1433లో ప్రత్యర్థులు ఊరి నుంచి వెళ్లగొడితే మరుసటి ఏడాదే తిరిగొచ్చి, 1464లో పోయేదాకా కట్టడాలకీ పుస్తకాలకీ శిల్పాలకీ ఖర్చుపెడుతూనే ఉన్నాడు. శిల్పి డొనాటెల్లోకి పనులు తగ్గినప్పుడు ఊరికే డబ్బివ్వలేదు, ఆ చేతులు ఖాళీగా ఉండకూడదని శాన్ లొరెంజో చర్చికి కంచు ప్రసంగ వేదికలు పురమాయించాడు. ఆయనకీ, ఆయన దగ్గర పనిచేసే నలుగురికీ బ్యాంకు నుంచి వారం వారం డబ్బు అందే ఏర్పాటు చేశాడు. నువ్వు పట్టుకోవాల్సింది ఇదే: ముందు పని, ఆ పని నడిచినన్నాళ్లూ ఠంచనుగా డబ్బు.

అంతటి కోసిమోకీ ఒకటి కుదరలేదు. డొనాటెల్లో మామూలు బట్టల్లో తిరుగుతున్నాడని పండగ రోజున ఎర్రటి అంగీ పంపిస్తే, ఆయన ఒకట్రెండు రోజులు తొడుక్కుని, ఇంత మంచిది నాకెందుకని పక్కన పెట్టేశాడట. తర్వాత కోసిమో కొడుకు పియెరో పొలం రాసిస్తే, పాలేరు వచ్చి గాలికి పైకప్పు పోయింది, పశువుల్ని పన్నుకింద పట్టుకుపోయారు అని చెబుతుంటే భరించలేక డొనాటెల్లో ఆ పొలాన్ని తిరిగిచ్చేశాడని, కళాకారుల జీవితచరిత్రలు రాసిన వసారి చెప్పాడు. పియెరో నొచ్చుకోలేదు, అంత విలువకి వారం వారం డబ్బిచ్చాడు. ఎదుటివాడికి ఏది కావాలో అడగకుండా ఇవ్వొద్దురా, నీకు గొప్పగా అనిపించింది వాళ్లకి బరువు కావచ్చు.

పని తొందరగా కావాలని వెంటపడకు. చిత్రకారుడు ఫిలిప్పో లిప్పీని బొమ్మ పూర్తయ్యేదాకా కోసిమో గదిలో పెట్టి తాళం వేస్తే, దుప్పట్లు చింపి ముడేసి కిటికీలోంచి దిగిపోయాడట. తిరిగి దొరికాక కోసిమో మళ్లీ తాళం వెయ్యలేదు.

లెక్క మాత్రం గట్టిగా ఉండాలి. 1434 నుంచి 1471 దాకా కట్టడాలకీ దానాలకీ పన్నులకీ కలిపి 6,63,755 ఫ్లోరిన్లు (అప్పటి బంగారు నాణేలు) అయ్యాయని కోసిమో మనవడు లొరెంజో రాసిపెట్టుకున్నాడు, అది మంచి ఖర్చేననీ అన్నాడు. కానీ ఆ లొరెంజో హయాంలోనే బ్యాంకు చితికిపోయింది, చివరికి 1494లో మూతపడింది. అందుకే వ్యాపారం డబ్బు వేరు, దీనికి తీసే డబ్బు వేరు ఖాతాలో ఉంచు.

నువ్వు చెప్పిన ఆ శిల్పి దగ్గరికి ఈ వారమే వెళ్లు. చెక్కు పట్టుకెళ్లకు, మధ్యలో ఆగిపోయిన పని ఏదైనా ఉంటే చూపించమని అడుగు.

మీ మామయ్య