అభ్యర్థి అఫిడవిట్‌లో భార్య ఆస్తులు కూడా చూపించాలా?

తప్పకుండా చూపించాలి. నామినేషన్‌తో పాటు ఇచ్చే ఫారం 26లో అభ్యర్థికి, జీవిత భాగస్వామికి, ఆధారపడినవారికి వేర్వేరు గడులుంటాయి. ఈ వివరాలు తెలుసుకోవడం ఓటరు హక్కని సుప్రీంకోర్టు 2002లో తేల్చిచెప్పింది. 2018 తీర్పు తర్వాత ఆదాయం ఎక్కడినుంచి వచ్చిందో కూడా రాయాల్సి వస్తోంది.

మీరు చదివేటప్పుడు భూముల గడి దగ్గర కాసేపు ఆగండి. సర్వే నంబరు, విస్తీర్ణం, కొన్న తేదీ, అప్పటి ధర, ఇప్పటి మార్కెట్ విలువ అన్నీ వరుసగా ఉంటాయి. అదే ఫారంలో అంతకు ముందు ఐదేళ్ల ఆదాయపు పన్ను రిటర్నుల్లో చూపిన మొత్తాలుంటాయి. ఈ రెండింటినీ పోల్చి చూడండి. నా దృష్టిలో అఫిడవిట్‌కు ప్రాణం అక్కడే ఉంది.

తెలిసీ తప్పుడు వివరాలిస్తే, లేదా దాచిపెడితే ప్రజాప్రాతినిధ్య చట్టం 125ఎ సెక్షన్ కింద ఆరు నెలల వరకు జైలు, లేదా జరిమానా, లేదా రెండూ. ఇంత పెద్ద తప్పుకు ఇది చాలా చిన్న శిక్షని నా అభిప్రాయం. అయితే ప్రతి చిన్న వస్తువూ రాయనక్కర్లేదని, విలువైనవి మాత్రం దాచకూడదని 2024లో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది.

ఎంపీగా గెలిస్తే, ప్రమాణం చేసిన 90 రోజుల్లో సభాపతికి మళ్లీ ఆస్తుల వివరాలివ్వాలి.