తమ్ముడి మాటా నిజమే, లాయరు మాటా నిజమే

ప్రశ్న: నమస్తే మేడమ్. మేం అమెరికాలో ఒహాయోలో ఉంటాం. డివోర్స్ కేసులో బాబు కస్టడీ మీద మెజిస్ట్రేట్ డెసిషన్ వచ్చింది, నాకు అన్యాయం జరిగిందనిపిస్తోంది. 14 రోజుల్లో అబ్జెక్షన్స్ వెయ్యకపోతే కష్టం అని మా లాయరు అంటున్నారు. కస్టడీ చట్టం, అదే 3109.04 సెక్షన్, మొత్తం చదివాను, ఈ 14 రోజుల మాట ఎక్కడా లేదు. అడిగితే అది కోర్టు రూల్ అండీ, ప్రొసీజర్ దగ్గర చట్టానికీ రూల్‌కీ పడకపోతే రూలే నెగ్గుతుంది అన్నారు. ఇండియాలో ప్రాక్టీస్ చేసే మా తమ్ముడేమో రూల్ ఎక్కడైనా చట్టాన్ని మించుతుందా అక్కా అని నవ్వుతున్నాడు. ఎవరిని నమ్మాలి?

జవాబు: ముందు అబ్జెక్షన్స్, అంటే మెజిస్ట్రేట్ డెసిషన్ తప్పని జడ్జికి రాసిచ్చే అభ్యంతరాలు, వేయించండమ్మా, మిగతాది తర్వాత చదువుకుందురు. మీ లాయరు చెప్పిన కోర్టు రూల్, అదే ఒహాయో సివిల్ రూల్ 53, ప్రకారం ఆ 14 రోజులు లెక్కపెట్టేది డెసిషన్ కోర్టులో ఫైల్ అయిన రోజు నుంచి, మీ చేతికొచ్చిన రోజు నుంచి కాదు.

ఇక మీ తమ్ముడి మాట ఇండియాలో మామూలుగా కరెక్టే. అక్కడ రూల్స్ చేసే పవర్ సాధారణంగా చట్టమే ఇస్తుంది కాబట్టి రూల్ చట్టానికి లోబడే ఉండాలి, హైకోర్టులు చేసే సివిల్ రూల్స్ కూడా సివిల్ ప్రొసీజర్ కోడ్‌కి (సీపీసీ) విరుద్ధంగా ఉండకూడదని దాని 128వ సెక్షనే చెప్తుంది. ఒహాయోలో కథ వేరు. 1968లో రాజ్యాంగాన్ని సవరించి ప్రొసీజర్ రూల్స్ చేసే పవర్ నేరుగా రాష్ట్ర సుప్రీంకోర్టుకే ఇచ్చారు. కోర్టు జనవరి 15 లోపు రూల్స్‌ని అసెంబ్లీ ముందు పెడుతుంది, వాళ్లు తీర్మానం చేసి వద్దనకపోతే జులై 1 నుంచి అమల్లోకొస్తాయి, ఆ తర్వాత వాటికి అడ్డొచ్చే చట్టాలు చెల్లవని రాజ్యాంగంలోనే రాసుంది. అంటే రూల్ చట్టం కింద పుట్టింది కాదు, రెండూ రాజ్యాంగం పిల్లలే. అమెరికా అంతా ఇలాగే అనుకోకండి, ఫ్లోరిడాలో అయితే శాసనసభ రెండు సభల్లోనూ మూడింట రెండొంతుల ఓట్లతో కోర్టు రూల్‌ని రద్దు చేయొచ్చు.

అలాగని రూల్ ఉంది కదా అని కోర్టు ఏదైనా చేసేయలేదు. రూల్స్ ఎవరి అసలు హక్కునీ తగ్గించకూడదు, పెంచకూడదు అని ఆ రాజ్యాంగ క్లాజులోనే ఉంది. ప్రొసీజర్ అయితే రూల్, అసలు హక్కయితే చట్టం అని 1976లో ఒహాయో సుప్రీంకోర్టు చెప్పింది కూడా ఒక కస్టడీ కేసులోనే. కస్టడీ కేసుల్లో చూస్తే, కస్టడీ మార్చమని పిటిషన్ ఎలా వెయ్యాలి, అవతలివాళ్లకి నోటీసు ఎలా పంపాలి, ఎన్ని రోజుల్లో అబ్జెక్ట్ చెయ్యాలి ఇవన్నీ రూల్స్ పని. బాబు మంచికి ఏది అవసరం, కస్టడీ మార్చడానికి పరిస్థితులు నిజంగా మారాయా లేదా, వీటిని ఏ రూలూ మార్చలేదు, అక్కడ మీరు చదివిన 3109.04 ముందు రూల్ తలవంచాల్సిందే. అసలు ఈ కోర్టుకి కేసు వినే అధికారం ఉందా అన్నదీ అంతే, రూల్స్ వల్ల ఆ అధికారం పెరగదు తరగదు. అయితే ఏది ప్రొసీజర్ ఏది హక్కు అన్న గీత ఎప్పుడూ ఇంత క్లియర్‌గా ఉండదు లెండి, లాయర్లు ఏళ్ల తరబడి కొట్టుకునేది దాని మీదే.

మీకు ప్రమాదం ఎక్కడంటే, అబ్జెక్షన్ వెయ్యని పాయింటుని తర్వాత అప్పీల్లో ఎత్తనివ్వరు, కళ్లకి కొట్టొచ్చేంత ఘోరమైన తప్పయితే తప్ప. మెజిస్ట్రేట్ ఫ్యాక్ట్స్ తప్పుగా రాశారన్నది మీ కంప్లైంట్ అయితే హియరింగ్ ట్రాన్‌స్క్రిప్ట్, అంటే అక్కడ మాట్లాడిందంతా రాసిన కాపీ, కూడా కావాలి, అబ్జెక్షన్స్ వేసిన 30 రోజుల్లో అది ఫైల్ కావాలి, టైపయ్యి రావడానికి టైం పడుతుంది కాబట్టి ఆర్డర్ పెట్టారో లేదో మీ లాయర్ని ఇవాళే అడగండి.