అమ్మమ్మ జోలపాటకు వాయిద్యాలు కలపడం గురించి

అమ్మలూ,

నువ్వు పంపిన రెండు ఫైళ్లూ విన్నాను. మ్యూజ్‌స్కోర్‌లో (స్వరాలు రాసే సాఫ్ట్‌వేర్) రాసిన వేణువు, వయొలిన్ వరసలు, అంటే నీ స్కోరు, బాగున్నాయి. మా అమ్మ, అదే మీ అమ్మమ్మ, జోల పాడిన రికార్డింగ్ మాత్రం రెండుసార్లు ఆపి మళ్లీ మొదటినుంచి పెట్టుకున్నాను. ఉయ్యాల కిర్రుమనే చప్పుడు కూడా పడింది, ఎంత బాగుందో!

రెండూ కలిపితే మూడో చరణానికల్లా వయొలిన్లు ముందుకు పోతున్నాయనీ, అమ్మమ్మ గొంతును ముక్కలు చేసి సాగదీస్తున్నాననీ రాశావు. ఆ పని వెంటనే ఆపు. అమ్మమ్మ తాళం తప్పలేదు. జోల పాడే మనిషి బిడ్డ కళ్లు మూతపడేకొద్దీ నెమ్మదిస్తుంది. నీ స్కోరేమో మొదట్లో టెంపో (వేగం) నిమిషానికి 72 దెబ్బలని రాశావు కాబట్టి చివరిదాకా 72 లోనే నడుస్తుంది. ఆవిడకు హెడ్‌ఫోన్ తగిలించి, తాళం కొట్టే క్లిక్ వినిపించి మళ్లీ పాడించలేం. స్కోరే ఆవిడ వెంట నడవాలి.

నడుస్తుంది కూడా. స్కోరును మిడి అనే రకం ఫైలుగా తీయొచ్చు, అందులో శబ్దం ఉండదు. ఏ స్వరం, ఎప్పుడు, ఎంతసేపు, ఎంత బలంగా అన్న సమాచారమే ఉంటుంది. అందుకని ఎంత సాగదీసినా దానికేమీ కాదు. గొంతును అలా సాగదీస్తే పదాల అంచులు చెదిరిపోతాయి. అందుకే స్కోరును ఇప్పుడే వేవ్ ఫైలుగా (శబ్దంగా) తీయకు, మిడిగా ఎక్స్‌పోర్ట్ చెయ్. అమ్మమ్మ పాటను వాట్సాప్‌లో ఆడియోగా పంపుకోకు, క్వాలిటీ తగ్గొచ్చు. ఫోన్లోని అసలు ఫైలునే కేబుల్ పెట్టి దించుకుని, ఒక కాపీ విడిగా దాచు.

రెండింటినీ రీపర్‌లో (ట్రాకులు కలిపే సాఫ్ట్‌వేర్) వేసుకో. 60 రోజులు డబ్బు కట్టకుండా వాడి చూడొచ్చు. ముందుగా గొంతు ట్రాక్ టైమ్‌బేస్‌ను (ట్రాక్ గడియారాన్ని బట్టి నడవాలా, టెంపోను బట్టా అని చెప్పే సెట్టింగ్) టైమ్‌కీ, మిడి ట్రాక్‌లను బీట్స్‌కీ మార్చు. ఇది మర్చిపోయి నేనొకసారి రాత్రంతా పాడుచేసుకున్నాను. టెంపో మార్చిన ప్రతిసారీ గొంతు కూడా జరిగిపోతూ వచ్చింది.

ఇక అసలు పని. పాట వింటూ ప్రతి ఆవర్తం (తాళం ఒక చుట్టు) మొదటి దెబ్బ దగ్గర ఒక టెంపో గుర్తు పెట్టి, ఆ ఆవర్తం టెంపో అక్కడ రాయి. ఎక్కడో తెలియకపోతే ఉయ్యాల చప్పుడు విను, చాలాచోట్ల అదే చెబుతుంది. నువ్వు 3/4లో, అంటే ఆవర్తానికి మూడు దెబ్బలుగా, రాశావు. మూడు దెబ్బలకు 2.5 సెకన్లు పడితే టెంపో 72. తర్వాతి దానికి 2.6 సెకన్లు పడితే 69.2. దెబ్బల సంఖ్యను 60తో హెచ్చించి, పట్టిన సెకన్లతో భాగించడమే. కానీ ఆవర్తం లోపల ప్రతి దెబ్బనూ పట్టుకోవాలని చూడకు, వాయిద్యాలు తడబడినట్టు వినిపిస్తాయి. మొదట్లో ఆవిడ తాళం లేకుండా తీసిన రాగం దగ్గర ఏ గుర్తూ వద్దు, వయొలిన్లూ వద్దు. తంబుర ఒక్కటి చాలు.

మ్యూజ్‌స్కోర్‌లో విన్న వయొలిన్ నాదం మిడితో పాటు రాదు. అదే కావాలనుకుంటే ఈ టెంపో అంకెలన్నీ తిరిగి స్కోరులో ఆయా బార్ల (ఆవర్తాల) మీద రాసి, అప్పుడు వేవ్ తియ్యి. విసుగు పుట్టే పనే, అయినా నీ చెవికి ఆ నాదం నచ్చింది కదా.

శ్రుతి సంగతి. ఆవిడ నాలుగు కట్టైకీ (కట్టై అంటే శ్రుతి కొలత) నాలుగున్నరకీ మధ్య పాడింది. దగ్గరున్న శ్రుతికి స్కోరును ట్రాన్స్‌పోజ్ చేసి (మొత్తంగా జరిపి), మిగిలిన తేడాను వాయిద్యాల ట్యూనింగ్‌లో సెంట్లలో సరిచెయ్. అర స్వరానికి 100 సెంట్లు. గొంతు శ్రుతిని సరిచేసే ఆటోట్యూన్ మాత్రం పెట్టకు తల్లీ, ఆ గమకాలన్నీ చదునైపోతాయి. ఆవిడ గమకం తీసేచోట వేణువు కూడా అదే వరస వాయిస్తోంది. అక్కడ వేణువును తీసెయ్. మిడి వేణువు మెట్లు దిగినట్టు దిగుతుంది, ఆవిడ జారుతుంది. రెండూ పక్కపక్కన ఇమడవు.

వయొలిన్ల వెలాసిటీ (స్వరం బలం) 127కి గాను 50, 60 దగ్గర ఉంచు. గొంతులో వరండా గాలి ఉంది, నీ వాయిద్యాల్లో అది లేదు. రివర్బ్ (గదిలో మోగినట్టు వినిపించే ప్రతిధ్వని) కొంచెం వాయిద్యాలకే వెయ్యి. ఫ్యాన్ చప్పుడు తీసేయాలని ఎక్కువ శుభ్రం చేయకు, దానితో పాటు ఆవిడ ఊపిరి కూడా పోతుంది.

అయ్యాక గొంతు ఒక వేవ్, వాయిద్యాలు ఇంకో వేవ్‌గా, రెండూ సున్నా సెకను నుంచే మొదలయ్యేలా పంపు. ఆదివారం అమ్మ పక్కన కూర్చుని వింటాను. వయొలిన్లు ఎక్కువయ్యాయంటే ఆవిడే చెబుతుంది.

ఆశీస్సులతో,
మామయ్య