అంబాసిడర్ ఇంజన్ విప్పి చేయించాలా, రెడీ ఇంజన్ కొనాలా? రెండూ చేసినోడి మాట

ఒంగోలు నుంచి అడిగిన అన్నా, మీ తాతగారి 1976 అంబాసిడర్ నీలం పొగ కొడతా ఉంది, మెకానిక్కేమో చెన్నైలో పాత బండి సామాన్లమ్మే పుదుపేట నుంచి రెడీ ఇంజన్ (వాళ్ళే ముందుగా బాగుచేసి అమ్మే పాత ఇంజన్) తెచ్చి రెండ్రోజుల్లో ఎక్కిస్తానంటున్నాడు, పాతది విప్పితే నెలలు పడద్దంట, ఏం చెయ్యాలి అన్నారు గదా. నేను ఈ రెండు పనులూ ఒకే కారు మీద చేశా, అందుకే కొంచెం పెద్దదే రాస్తున్నా.

మాది నెల్లూరు. మా నాయనది 1977 మార్క్ 3, మీదాంట్లో ఉండే 1489 సీసీ పెట్రోల్ ఇంజనే. 2017లో ఆయిల్ తాగడం మొదలుపెట్టింది, కావలి పోయొస్తే డిప్‌స్టిక్ మీద తేడా తెలిసిపోయేది. అప్పుడు చెల్లెలి పెళ్ళి దగ్గర పడింది, పెళ్ళికూతురు ఆ కార్లోనే ఎక్కాలని నాయన పట్టు, టైం లేదని వేరే ఊర్లో ఒక షాపు నుంచి 45 వేలు పెట్టి రెడీ ఇంజన్ తెచ్చాం. పైన కొత్త రంగు, స్టార్ట్ చేస్తే మెత్తగా తిరిగింది, పెళ్ళి కూడా బాగానే అయింది. నాలుగు నెలలకి, మూడు వేల కిలోమీటర్లు కూడా తిరక్కముందే, కింద నుంచి టకటక మొదలైంది, వేడెక్కాక స్లోలో ఆయిల్ లైటు వెలగతా ఉంది.

సంపు (ఇంజన్ కింద ఆయిల్ ఉండే తొట్టి) దించి మా మేస్త్రి మూడో కన్‌రాడ్ (పిస్టన్‌ని క్రాంకుకి కలిపే కడ్డీ) క్యాప్ విప్పి, అందులో ఉండే బేరింగ్ షెల్ గోటితో లేపితే, దాని వెనకాల కూల్‌డ్రింక్ టిన్ను కత్తిరించి పెట్టిన రేకు ముక్క. దాని మీద ఎర్ర అక్షరం సగం ఇంకా కనపడతానే ఉంది. క్రాంకు అరిగిపోతే గ్రైండింగ్ చేయించి, సన్నబడిన క్రాంకుకి సరిపోయే మందం షెల్స్ (అండర్‌సైజ్) వెయ్యకుండా, లూజు కనపడకుండా రేకు పెట్టి బిగించేశారు. మా నాయన ఆ రేకు అరచేతిలో పెట్టుకుని చాలాసేపు ఏం మాట్లాడలా.

మా అదృష్టం ఏందంటే పాత ఇంజన్ ఎక్స్‌చేంజ్‌కి ఇవ్వలేదు. ఎనిమిది వేలు తగ్గిస్తామన్నారు, నాయన ఒప్పుకోలా, గోతం పట్టలు కప్పి షెడ్డులో పెట్టించాడు. మీరు ఏ దారిలో పోయినా సరే మీ పాత బ్లాకు మాత్రం ఎవ్వరికీ ఇవ్వబాకండి. పశ్చిమ బెంగాల్ ఉత్తరపారా ఫ్యాక్టరీలో 2014లోనే అంబాసిడర్ తయారీ ఆపేశారు, అంతకుముందే టాక్సీలోళ్ళు పెట్రోల్ ఇంజన్లు తీసేసి డీజిల్ వేసుకున్నారు, కాబట్టి మంచి పెట్రోల్ బ్లాకు ఇయ్యాల దొరకాలంటే కష్టం.

ఆ పాతదాన్నే విప్పాం. హెడ్డు తీసి పిస్టన్ మీద మసి కిరసనాయిల్ గుడ్డతో తుడిస్తే 030 అని నంబరు బయటపడింది, అంటే నాయన ఎప్పుడో ఒకసారి అరిగిన సిలిండర్లని 30 థౌ (థౌ అంటే అంగుళంలో వెయ్యో వంతు) పెద్దవి చేయించి, అదే బోరింగ్, పెద్ద పిస్టన్లు వేయించి ఉన్నాడన్నమాట, ఆయనకే గుర్తు లేదు. ఈ ఇంజన్ స్టాండర్డ్ బోరు 73.025 మిల్లీమీటర్లు, 30 తర్వాత 40 థౌ, అంటే ఒక మిల్లీమీటర్ పైన పెరగద్ది, అది కూడా అయిపోతే ఇంక సిలిండర్లోకి లైనర్ (కొత్త గొట్టం) కొట్టించాల్సిందే. మేం 40కి పోయాం. ఇక్కడ ఒక మాట, పిస్టన్లు ముందు కొని చేతిలో పెట్టుకోండి, ఆ తర్వాతే బ్లాకు లేత్ షాపుకి పంపండి, ఏ పిస్టన్ ఏ బోరులోకో కొలిచి గ్యాప్ పెట్టి బోరింగ్ చెయ్యాలి, ముందే బోరు కొట్టించేసి తర్వాత పిస్టన్లు వెతుక్కుంటే పని పాడైనట్టే. రింగులు కూడా ఒక్కోటీ బోరులో దించి కొసల మధ్య సందు ఫీలర్ గేజ్ పెట్టి చూశాం, మాకు 12 థౌ వచ్చింది.

అన్నిటికన్నా నన్ను కదిలించింది వాటర్ జాకెట్, అంటే సిలిండర్ల చుట్టూ నీళ్ళు తిరిగే దారి. దాని పక్కన మూతల్లా ఉండే వెల్చ్ ప్లగ్గులు కొట్టి తీస్తే నాలుగో సిలిండర్ చుట్టూ సున్నం, తుప్పు గట్టిగా పేరుకుని ఉంది, స్క్రూడ్రైవర్‌తో గీకితే పెచ్చులు పెచ్చులుగా వచ్చింది. మన వైపు బోరు నీళ్ళే రేడియేటర్లో పోస్తాం గదా, నలభై ఏళ్ళు పోస్తే అంతే. బోరింగ్ ఎంత బాగా చేయించినా ఆ చెత్త లోపలే ఉంటే నాలుగోది మళ్ళీ వేడెక్కి పట్టేసేదే. రెడీ ఇంజన్‌లో ఇది తీశారో లేదో బయటి నుంచి మీకు ఎట్టా తెలుస్తుంది చెప్పండి.

మొత్తం ఏడు నెలలు, సుమారు 78 వేలు. సగం టైం క్రాంకుని పట్టుకునే మూడు మెయిన్ బేరింగుల సెట్టు కోసమే పోయింది. మొదటి 500 కిలోమీటర్లు మైపాడు రోడ్డు మీద పొద్దున్నే స్పీడు మారుస్తా తిప్పి, ఆయిల్ మార్చి, హెడ్ నట్ల బిగువు (టార్క్) మళ్ళీ చూసి, టాపెట్లు సెట్ చేశాం. ఇప్పటికి పందొమ్మిది వేలు తిరిగింది, పొగ లేదు.

కాబట్టి అన్నా, ముందు ఇంజన్ దించబాకండి. కంప్రెషన్ టెస్ట్ (ఒక్కో సిలిండర్లో ఎంత ఒత్తిడి వస్తుందో కొలిచేది) చేయించండి, తక్కువొచ్చిన సిలిండర్లో ఒక చెంచా ఆయిల్ పోసి మళ్ళీ చూడండి. రీడింగ్ పెరిగితే రింగులు, బోరు. పెరక్కపోతే వాల్వులు, లేకుంటే హెడ్ గ్యాస్కెట్. ఎక్కువసేపు స్లోలో ఉంచి రైజ్ చేసినప్పుడే పొగొస్తా ఉంటే వాల్వ్ గైడ్ల నుంచి ఆయిల్ దిగుతుండొచ్చు, అదైతే హెడ్ పనితోనే తేలిపోద్ది.

బ్లాకు పగిలి ఉన్నా, కన్‌రాడ్ గోడ పగలగొట్టుకుని బయటికొచ్చినా నేను కూడా రెడీ ఇంజనే కొనమంటా. కానీ డబ్బులిచ్చే ముందు మీ కళ్ళముందు సంపు విప్పించండి, క్రాంక్ ఎంత అండర్‌సైజో, పిస్టన్ ఎంత ఓవర్‌సైజో కాగితం మీద రాయించుకోండి, ఒక కన్‌రాడ్ క్యాప్ తీయించి షెల్ వెనకాల చూడండి. విప్పనంటే వచ్చెయ్యండి. ఇంకోటి, ఇంజన్ నంబర్ మారితే ఆర్‌సీలో మార్పించుకోవాలి, బిల్లు లేని ఇంజన్ అయితే ఆర్టీవో ఆఫీసులో తిప్పలు, ఇన్సూరెన్స్ క్లెయిమ్ అప్పుడు ఇంకా తిప్పలు.

టెస్ట్ అయ్యాక నాలుగు సిలిండర్ల రీడింగులూ, హెడ్డు తీస్తే పిస్టన్ మీద నంబరూ ఇక్కడ రాయండి. మీ బోరు ఇంకా స్టాండర్డ్‌లోనే ఉంటే దానికి ఇంకో రెండు మూడు బోరింగులు మిగిలున్నట్టే.